మైనం కింద మరక

మ్యూజియంలో ఆవిడను అందరూ దూదమ్మ అనేవారు. వస్తువులను తుడిచి, సర్ది, గాజుపెట్టెల్లో పెట్టడం ఆవిడ పని. ఎప్పుడు చూసినా జేబులో దూది, చేతులకు తెల్లటి తొడుగులు. ఎవరైనా ఉత్త చేతులతో దేన్నైనా ముట్టుకోబోతే ఒంటికాలి మీద లేచేది. "మీ చెమట దానికెందుకండీ, మీ దగ్గరే ఉంచుకోండి" అనేది. ఆవిడ గదిలోకి వచ్చేటప్పుడు క్యూరేటర్ అంతటివాడు కూడా చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

అలాంటి మనిషి చేతుల్లోనే తప్పు జరిగింది.

ఆ ఏడాది మ్యూజియం వాళ్లు ఇప్పటి కమ్మరులు చేత్తో చేసిన కత్తుల ప్రదర్శన తలపెట్టారు. రాజుల నాటివి కావు, తవ్వకాల్లో దొరికినవీ కావు. మొన్నమొన్న కొలిమిలోంచి వచ్చినవి. "ఈ కాలంలో కత్తి చేసి ఎవరి మీద దూస్తారండీ?" అని గేటు దగ్గర కాపలావాడు ఒక ముసలి కమ్మరిని అడిగితే, ఆయన తాపీగా, "దూసేదే అయితే ఇంత తీరిగ్గా చేస్తానా, ఏదో ఒకటి కొట్టి పడేసేవాణ్ని కదూ" అన్నాడట. ఆ మాట మధ్యాహ్నానికల్లా మ్యూజియమంతా పాకింది.

ఆ పెద్దాయన కత్తికి హాలు నడిమధ్య పెట్టె కేటాయించారు. దాని పక్క పెట్టెలో ఆయన కూతురి కత్తి. ఆ పిల్ల తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. తండ్రి కత్తులకు సానరాళ్ల మీద మెరుగు పెట్టి, తుప్పు పట్టకుండా నూనె రాసేది తనే. తన సొంత కత్తి నలుగురి ముందుకు రావడం మాత్రం అదే మొదటిసారి. అప్పగించే రోజున గుడ్డ విప్పి చూసుకోవడం, చుట్టడం, మళ్లీ విప్పడం. "ఇక ఇచ్చెయ్యవే తల్లీ, వాళ్లనీ కాస్త చూడనీ" అని తండ్రి నవ్వాడు. దూదమ్మ కూడా నవ్వింది.

పెద్దాయన కత్తి దూదమ్మ బల్ల మీదికి వచ్చింది. నూనె బాగా పట్టించి ఉంది. ఆ నూనె గాజుపెట్టెలో మరకలు చేస్తుందని దాన్ని దూదితో తుడిచేసి, బదులుగా పలచగా మైనం పూయాలి. నూనె తుడిచింది. మైనం డబ్బా మూత తీయబోతూ ఆగింది. కిటికీలోంచి వచ్చే వెలుతురులో ఆ ఉక్కు మీద సన్నటి గీతలు కనిపించాయి, ఇసుక మీద అల వెనక్కి పోయినప్పుడు మిగిలే గీతల్లాంటివి. అవి పైన ఉన్నాయా, లోపల ఉన్నాయా? కంటికి తెలియడం లేదు.

అన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ లేనిది, దూదమ్మ కుడిచేతి తొడుగు లాగి, బొటనవేలు దాని మీద ఆనించింది.

చల్లగా, నున్నగా ఉంది. గీతలు వేలికి తగలనే లేదు. తనలో తనే చిన్నపిల్లలా నవ్వుకుంది. అంతలో వరండాలో క్యూరేటర్ మాట వినబడింది. గబగబా తొడుగు వేసుకుని, దూదితో ఒక్క తుడుపు తుడిచి, పైన మైనం పూసేసింది. చెమట మైనం కింద ఉండిపోయింది.

ప్రారంభం దగ్గరపడింది. ఒక ఉదయం హాల్లో దీపాలు సరిచూస్తుంటే పెద్దాయన కత్తి మీద గోధుమరంగు మచ్చ కనిపించింది. పెట్టె మీదికి వంగి చూసింది. బొటనవేలి ముద్ర. గీత గీతా తుప్పుతో అచ్చు గుద్దినట్టుంది. దూదమ్మ తన కుడిచేతి తొడుగు వైపు చూసుకుంది. ఏం చేయాలో తోచేలోపే క్యూరేటర్ వెనకాల వచ్చి నిలబడ్డాడు.

"ఇదేంటిది?" అన్నాడు.

"మచ్చ సార్" అంది.

"వాళ్లు తెచ్చినప్పుడే పడి ఉంటుంది. నువ్వుండగా మన దగ్గర అలాంటిది ఎక్కడ జరుగుతుంది?" అని ఆయన ఫోను తీశాడు.

ఆ నమ్మకం చూశాక నిజం చెప్పడం ఆవిడ వల్ల కాలేదు.

తండ్రీ కూతుళ్లు వెంటనే వచ్చారు. పెద్దాయన కత్తి వైపు చాలాసేపు చూసి కూతురి వైపు తిరిగాడు.

"నూనె పట్టించావా?"

ఆ పిల్ల తండ్రి మొహంలోకి ఒకసారి చూసింది. తల దించుకుంది. "మర్చిపోయాను నాన్నా."

దూదమ్మ ఉలిక్కిపడింది. ఆ నూనెను తన చేత్తోనే తుడిచింది కదా. ఈ పిల్ల చేయని తప్పు ఎందుకు నెత్తిన వేసుకుంటోంది? ఇప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచింది కూడా. క్యూరేటర్ తన వైపు చూడగానే దూది తీసి పెట్టె గాజు తుడవడం మొదలుపెట్టింది.

పెద్దాయన గొంతు పెంచలేదు. "తండ్రి కత్తినే కాపాడలేనిదానికి సొంత కత్తి ఎందుకమ్మా? ఇంకా పని నేర్చుకో" అన్నాడు. క్యూరేటర్‌తో, "మా అమ్మాయిది తీసేయండి సార్. నా దాని మచ్చ నేనే వచ్చి పోగొడతాను" అన్నాడు. క్యూరేటర్ సర్దిచెప్పబోయాడు కానీ ఆయన వినలేదు. చోటు కోసం ఎదురుచూస్తున్న ఇంకో కమ్మరికి ఆ సాయంత్రమే కబురు వెళ్లింది. ఆ పిల్ల తన కత్తిని గుడ్డలో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగింది. తలుపు తెరిచి పట్టుకుంది దూదమ్మే. ఆ పిల్ల ఆవిడకు "థాంక్స్ అక్కా" అని చెప్పి మరీ వెళ్లింది.

ఆ రాత్రి దూదమ్మకు ముద్ద దిగలేదు. "కూరలో ఉప్పెక్కువైందా?" అని భర్త అడిగితే, లేదంది. మరేంటని అడిగితే, ఏం లేదంది. ఆయన ఇంకేం అడగకుండా కంచం తీసి కడిగి పెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

తెల్లారాక మ్యూజియానికి పోకుండా నేరుగా ఊరి చివర కొలిమికి వెళ్లింది. పెద్దాయన బొగ్గులకని బయటికెళ్లాడు. కూతురు ఒక్కతే నీళ్లతొట్టి ముందు కూర్చుని రాయి మీద చాకు రుద్దుతోంది. దూదమ్మ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేసింది.

ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. "అది మీ వేలా?"

"నాదే."

"నాన్నది కాదా?"

"కాదమ్మా. నువ్వు నూనె పట్టించావు, తుడిచింది నేను."

ఆ పిల్ల తడి చేతులతోనే మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చాలాసేపటి దాకా తెలియలేదు. "ఈమధ్య నాన్న అన్నీ మర్చిపోతున్నారక్కా. మొన్న కొలిమి రాజేసి నిద్రపోయారు. ఇచ్చేముందు ఆయన ఆ కత్తిని ఉత్త చేత్తో పట్టుకుని చూసుకుని, మళ్లీ నూనె రాయడం మర్చిపోయారేమో అనుకున్నాను. ఆ మాట నలుగురిలో బయటపడితే ఆయన తట్టుకోలేరు. అందుకే నా మీద వేసుకున్నాను."

కూతురికి తండ్రి మీద, తండ్రికి కూతురి మీద, రెండు వైపులా నమ్మకం పోగొట్టింది తన ఒక్క బొటనవేలు.

అంతలో పెద్దాయన బొగ్గుల బస్తాతో వచ్చాడు. దూదమ్మ ఆయనకూ చెప్పింది, మొదటి నుంచి, దాచకుండా. ఆయన బస్తా దించి, విన్నంతసేపూ నేల వైపు చూశాడు. అంతా అయ్యాక కూతురి వైపు తిరిగాడు.

"మరి నువ్వెందుకే మర్చిపోయానన్నావు?"

ఆ పిల్ల మళ్లీ చాకు అందుకుని రాయి మీద రుద్దసాగింది.

పెద్దాయనకు అర్థమైంది. "నేను మర్చిపోయాననుకున్నావా?" అన్నాడు మెల్లగా. బస్తా మూతి విప్పుతూ, "అనుకోవాల్సిందేలే. మొన్న కొలిమి సంగతి నాకూ తెలుసు" అన్నాడు.

తప్పు చెప్పేస్తే బరువు దిగుతుందనుకుని వచ్చిన దూదమ్మ, ఆ ముసలాయన కళ్లలోకి చూడలేక బయటికి వచ్చేసింది.

క్యూరేటర్‌కి కూడా చెప్పింది. ఆయనకు ఆ మాట నమ్మడానికే కొంతసేపు పట్టింది. ప్రదర్శన అయ్యేదాకా గోదాములో పని చేయమన్నాడు. "అమ్మాయి కత్తి మళ్లీ పెట్టలేమా సార్?" అని అడిగింది. "ఇంకో మనిషికి మాటిచ్చేశాం. ఇప్పుడు అతని కత్తి తీసేసి ఏమని చెప్పను?" అన్నాడు. అదీ న్యాయమే. మచ్చ పోగొట్టడానికి కూతురే వచ్చింది. తండ్రి స్టూలు మీద కూర్చుని, "ఇంకొంచెం పక్కకి", "చాలు" అంటూ పక్కనే ఉన్నాడు. మచ్చ పోయింది.

ప్రారంభం రోజున దూదమ్మ గోదాములోంచి హాల్లోకి ఒక్కసారి వచ్చింది. తండ్రీ కూతుళ్లు దూరంగా గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఆ పిల్ల కత్తి ఉండాల్సిన పెట్టె ముందు ఒక కుర్రకమ్మరి కుటుంబమంతా గుమిగూడింది. అతని తల్లి చీర కొంగుతో కళ్లొత్తుకుంటోంది. ఎవరో దూదమ్మ చేతికి ఫోనిచ్చి, అందరూ పడేలా ఒక ఫొటో తీసిపెట్టమన్నారు. తీసింది.

"మావాడి కత్తి బాగుందా అమ్మా?" అని ఆ తల్లి అడిగింది.

దూదమ్మ కత్తి వైపు చూసింది. నిజంగానే బాగుంది.

"చాలా బాగుందండీ" అంది. గోడ పక్కనున్న ఆ ఇద్దరికీ ఈ మాట వినబడకుండా ఉంటే బాగుండునని కోరుకుంటూ, వీలైనంత చిన్నగా అంది.