బలమైన పెట్రోల్

వానాకాలం పోయినప్పటి నుంచి నర్సింగ్ టెంపో మొండికేస్తోంది. నాగావ్‌లోని కనుకయ్య సేట్ సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డు నుంచి గుడ్డ తానులు ఎత్తుకుని కాల్హేర్ గోదాములో దించి రావడం దాని పని. అంజూర్ ఫాటా దగ్గర బ్రిడ్జి ఎక్కేటప్పుడు వెనక ట్రక్కులన్నీ హారన్లు మోగించేంత మెల్లగా పాకేది. పెట్రోల్ మాత్రం నీళ్లలా తాగేది.

ఆ కిరాయి పోతే నర్సింగ్ మళ్లీ సాంచాల మీదికే పోవాలి. మీసాలు రాని వయసు నుంచి అక్కడ దూది నూగు పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇక సాంచా దగ్గర నిలబడితే బతకవని దవాఖానలో చెప్పాకే టెంపో కొన్నారు. అందుకే అది ఎక్కడ ఆగినా అతని భార్య ఓదెమ్మకు మొగుడి దమ్ము ఆగినట్టే ఉండేది.

ప్రీమియం పెట్రోల్‌లో ఆక్టేన్ ఎక్కువని, ఇంజన్‌కు బలమొస్తుందని, మైలేజీ కూడా పెరుగుతుందని పంపు దగ్గర ఎవరో చెప్పారు. ఒక శుక్రవారం, సాంచాలకు సెలవు రోజున, నర్సింగ్ అదే పోయించాడు. మరునాడు టెంపో బ్రిడ్జి మీద ఉరికింది. ఇన్నాళ్లూ దాన్ని గంజి పోసి బతికించానని ఇంటికొచ్చి నవ్వాడు.

అప్పటి నుంచి ప్రీమియమే. శనివారం బాగా గుంజేది. బుధవారం వచ్చేసరికి మళ్లీ మూలిగేది. బలం చాలలేదని ఇంకొంత పోయించేవాడు.

ఓదెమ్మకు కనిపించింది వేరు. టెంపోను నిలిపేది షెడ్డు గాలిని బయటికి నెట్టే పంకా ఎదురుగా. పంకాలోంచి నూగు మంచులా కురిసేది. సాంచా నడిపేవాళ్లు మూతికి దస్తీ కట్టుకున్నట్టే, నర్సింగ్ వానాకాలం పోగానే టెంపో గాలి పీల్చే గొట్టానికి రెండు మడతల గుడ్డ కట్టాడు. తన ఊపిరికి పట్టిన గతి దానికి పట్టకూడదని. ప్రీమియం మొదలుపెట్టిన ఆ శుక్రవారమే ఓదెమ్మ ఆ గుడ్డను మొదటిసారి విప్పి ఉతికింది, అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉతికేది. బుధవారానికల్లా అది దుప్పటిలా మందమయ్యేది.

ఒకనాడు అన్నం పెడుతూ, ఎప్పటిలాగే కూతురి పేరుతో మొగుణ్ని పిలిచి అంది.

"శ్రద్ధ బాపూ, పెట్రోల్‌తోని కాదేమో. గుడ్డ ఉతికినంకనే బండి మంచిగ నడుస్తది. ఒక్కపారి విప్పి చూడరాదూ?"

"విప్పితే నూగంత లోపటికి పోతది. నా లెక్కనే అయితది. బట్టలు ఉతుకుడు నీది, ఇంజన్ నాకు ఇడిసిపెట్టు."

ఇంకోసారి చెబితే వినకుండానే బండి తీశాడు. తానే విప్పేద్దామని ఓదెమ్మ గొట్టం దాకా పోయింది. నిజంగానే నూగు లోపలికి పోతే ఎట్లా అని భయపడి వచ్చేసింది.

దీపావళి ముందు గురువారం సేట్‌కు తొందర. ట్యాంకు నిండా ప్రీమియం పోయించి, ఆ ధైర్యంతో నర్సింగ్ ఎన్నడూ లేనంత సరుకెత్తాడు. టెంపో బ్రిడ్జి సగంలో ఆగిపోయింది. తోసి కిందికి తెచ్చి, ఎట్లాగో కాల్హేర్ చేరేసరికి గోదాము షట్టర్ పడింది. కనుకయ్య కేకలు వేయలేదు. శనివారం నుంచి వైభవ్ అనే ఇంకొకతని టెంపో వస్తుందని చెప్పాడు, అంతే.

మెకానిక్ గుడ్డ ముడి కోసి అవతల పారేశాడు. దుమ్ము ఆపే ఫిల్టర్ లోపల కంపెనీ పెట్టిందే ఉండగా ఇదెందుకని అడిగాడు. ఈ ఇంజన్‌కు మామూలు పెట్రోలే చాలట. ప్రీమియం కావాలని చేసిన ఇంజన్లు వేరేనట. గాలి ఆడకపోతే ఏది పోసినా ఒకటేనట. ముక్కు మూసి బిర్యానీ తినిపించావు భాయ్ అని హిందీలో అంటూ నవ్వాడు.

తిరిగి వస్తుంటే టెంపో బ్రిడ్జి ఇట్టే ఎక్కింది. పక్కన ఓదెమ్మ కూర్చుంది.

"ఎరుకున్నదానివి గట్టిగ చెప్పద్దా?" అన్నాడు నర్సింగ్.

"రెండుపార్లు చెప్పిన."

"నేను వినకుంటె గుడ్డ చింపి పారెయ్యాలె. ఊకుంటవా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

కాల్హేర్ అంతా తిరిగినా కిరాయి దొరకలేదు. పండుగ వెళ్లాక ఇద్దరూ కనుకయ్య దగ్గరికి పోయారు. వైభవ్ బండి ఒక్కటే సరిపోవడం లేదని, బాగైంది కదా, ఈ టెంపోను కూడా తానే కొనుక్కుంటానని సేట్ అన్నాడు. అయితే దాన్ని నర్సింగ్‌తోనే నడిపించమని ఓదెమ్మ అడిగింది. దవాఖాన మాట కూడా చెప్పింది.

"డ్రైవర్లు గల్లీకొకడు దొరుకుతడు చెల్లె. సాంచా పట్టెటోడే దొరుకుతలేడు," అన్నాడు కనుకయ్య.

నర్సింగ్ టెంపో తాళంచెవి బల్ల మీద పెట్టి, ఏ సాంచా మీద నిలబడాలో అడిగి షెడ్డు లోపలికి పోయాడు.