కూర్మమ్మ రక్తం బాగుంది

భావనపాడు రేవులో చేప మొప్ప ఎత్తి చూడటంలో దానమ్మను మించిన ఆడది లేదు. మొప్ప ఎర్రగా ఉంటే సరుకు మంచిది, నల్లబడితే అవతల పారెయ్యడమే. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ కన్నుతోనే గంప నింపింది, ఆ కన్నుతోనే మనుషుల్నీ చూసింది. అక్కడే పొరబడింది.

కోడలు కూర్మమ్మ నెమ్మదైన పిల్ల. పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, వానలు వెనకబట్టాక, కడుపులో నొప్పనడం మొదలుపెట్టింది. గంప ఎత్తితే కళ్లు తిరుగుతున్నాయంది. దానమ్మ కసిరింది, శొంఠి నూరి పోసింది, చివరికి బస్సెక్కించి దగ్గరి పట్నంలోని ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ చేతి నుంచి రక్తం తీసి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు.

"రక్తం బాగుంది. నొప్పి తగ్గకపోతే మాత్రం మళ్లీ తీసుకురా, అదేమిటో చూడాలి" అన్నాడు డాక్టరు.

మొదటి మాటే దానమ్మ చెవిన పడింది. మొప్ప ఎర్రగా ఉన్న చేప ఎక్కడైనా కుళ్లుతుందా? మంచి రక్తమున్న ఒంట్లో చెడెక్కడుంటుంది?

మర్నాడు వలలు దులిపే చోట, అందరి ముందూ పక్కింటి దాలమ్మతో గొంతెత్తి చెప్పింది.

"ఓలప్పా, ఇన్నావా? డాకటరు బాబు మా కోడలు గుంట రగతం సూసినాడు. ఏటీ నేదట! రోగం కాదే, బద్దకం!"

"అయితే మా మావకీ తీయించాల అప్పా, సగం సారాయే వస్తాది!" అంది దాలమ్మ. రేవంతా గొల్లుమంది.

కూర్మమ్మ నవ్వలేదు, ఏడవలేదు. గంప నెత్తికెత్తుకుంది. ఆనాటి నుంచి నొప్పి అన్న మాట ఆమె నోట రాలేదు. కోడలు దారికొచ్చిందని దానమ్మ ఎంత మురిసిపోయిందో!

శివరాత్రికి ముందు, ఎండుచేపలు తిరగేస్తూ తిరగేస్తూ కూర్మమ్మ ఇసకలో ఒరిగిపోయింది. మళ్లీ ఆ ఆసుపత్రే, ఆ డాక్టరే. ఈసారి పొట్ట నొక్కి చూశాడు. ఒకచోట ఆయన చెయ్యి ఆగింది.

"లోపల గడ్డ ఉంది. విశాఖపట్నం పంపాలి, కోసి చూస్తేగాని సంగతి తెలీదు. మళ్లీ రమ్మన్నాను కదా, ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"రగతం బాగుందన్నావు కద బాబూ!"

"అన్నాను. అప్పుడు బాగానే ఉంది. రక్తం కొన్ని జబ్బులే చెబుతుంది. ఇలాంటి గడ్డలు మొదట్లో అందులో కనపడకపోవచ్చు. అందుకే నొప్పి తగ్గిందా లేదా అన్నది మనిషి చెప్పాలి. ఈమె చెప్పలేదా?"

చెప్పిన నోటిని రేవు మధ్యలో ఎవరు మూయించారో ఆయనకేం తెలుసు? దానమ్మ తల వంచుకుని, చీర అంచుకంటుకున్న పొలుసులు గిల్లుతూ నిలబడింది.

బల్ల మీద కూర్మమ్మ కళ్లు తెరిచింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసి గొంతు తగ్గించింది.

"అత్తా, నొప్పెడతన్నాది. సెప్పొచ్చా?"

దానమ్మకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోబోయి మానుకుంది.

"సెప్పమ్మా. గట్టిగా సెప్పు. ఎక్కడే?"

కూర్మమ్మ అత్త చెయ్యి అందుకుని, పొట్ట మీద ఆ చోట పెట్టుకుంది. చర్మం కింద గట్టిగా, రాయిలా తగిలింది. దానమ్మ చెయ్యి తీసేద్దామనుకుంది, తియ్యలేదు.