మడత విప్పకముందు

గురువారం మధ్యాహ్నం. కెంటకీ కొండల్లోని ఆ చిన్న కోర్టుకు మత్తుమందుల కేసుల వాళ్ళు వచ్చే రోజు. జైలుకు బదులు చికిత్సకు ఒప్పుకున్నవాళ్ళు వాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు ఇచ్చారు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఆనాటి రంగేమిటో వినాలి. తమ రంగు పిలిస్తే వెళ్ళి మూత్రం ఇచ్చి రావాలి. ఫలితం కాగితం మడిచి జడ్జి వర్నా కాడిల్ ముందు పెడతారు. అందులో ఏముందో పొద్దుటి సమావేశంలోనే ఆమెకు తెలిసిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా మడత విప్పే ముందు ప్రతి మనిషినీ ఆమె ఒకే మాట అడుగుతుంది.

"చెప్పాల్సింది ఏమైనా ఉందా, హోబర్ట్?"

ముసలి గని కార్మికుడు టోపీ తీశాడు. "ఉంది జడ్జమ్మా. సీసా పట్టుకుని నేను నిలబడితే మీ ఆఫీసరు రెప్ప వెయ్యకుండా చూస్తాడు. ముప్ఫై ఏళ్ళలో మా ఆవిడైనా నన్నంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు."

గది గొల్లుమంది. కాగితంలో మత్తు జాడ లేదు, 'శుభ్రం' అని ఉంది. చప్పట్లు కొట్టారు. హోబర్ట్ బల్ల మీది గాజు గిన్నెలోంచి బహుమానంగా పిప్పరమెంటు బిళ్ళ తీసుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. అది క్లిఫ్ట్‌ది. ఐదు వారాల కిందట అతని కాగితమూ శుభ్రంగానే ఉంది. అతనికీ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి సోమవారం నాడు తల్లి అతని గది తలుపు తోసి చూసింది. చొక్కా జేబులో ఆ పిప్పరమెంటు బిళ్ళ అలాగే ఉందని ఆవిడ సమాధి దగ్గర వర్నాతో చెప్పింది.

"రోండా నేపియర్."

రోండా లేచి వచ్చింది. పదిహేను నెలలుగా వస్తోంది. ఈ రోజు గట్టెక్కితే, వేరే ఇంట పెరుగుతున్న ఆరేళ్ళ కూతురు మేసీ శనివారం ఇంటికొస్తుంది. మే నెలలో ఒకసారి మళ్ళీ మత్తు వాడింది. ఇంకోసారి వాడితే మూడేళ్ళ జైలుకు సమ్మతమేనని అప్పుడే సంతకం పెట్టింది.

"చెప్పాల్సింది ఏమైనా ఉందా, రోండా?"

రోండా కాగితం వంక చూసింది. వర్నాకు తెలుసు, లోపల 'శుభ్రం' అనే ఉంది. 'లేదు' అనెయ్యి తల్లీ, అనుకుంది మనసులో. అనుకున్నందుకు తనమీద తనకే భయం వేసింది.

"నన్ను పరీక్షకు పిలిచింది శుక్రవారం కదా," అంది రోండా. "ఆ తర్వాత నా రంగు రాలేదు. ఆదివారం సాయంత్రం మత్తుబిళ్ళ సగం వేసుకున్నాను."

నిజం చెప్పినవాళ్ళకు చప్పట్లు కొట్టడం ఆ గది ఆనవాయితీ. ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు.

ప్రభుత్వ వకీలు డ్వైట్ లేచాడు. "జడ్జిగారూ, ఆమె సంతకం నా దగ్గరుంది. మాట తప్పితే రేపు ఈ గదిలో ఎవరూ మనల్ని లెక్కచెయ్యరు."

"కూర్చో డ్వైట్. నీకూ సమయమిస్తాను." వర్నా ముందుకు వంగింది. "నోరు మూసుకుని ఉంటే శనివారం నీ బిడ్డ నీ ఒళ్ళో ఉండేది. ఎందుకు చెప్పావమ్మా?"

"రెండో సగం ఇంట్లోనే ఉంది. సొరుగులో, మేజోడులో. పారేద్దామని మూడుసార్లు తీశాను. మూడుసార్లూ మళ్ళీ అక్కడే పెట్టాను." రోండా తలెత్తి చూసింది. "మేసీకి సొరుగులన్నీ తెరిచి చూసే అలవాటు, జడ్జమ్మా."

వర్నా ఖాళీ కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. సాధ్యపడలేదు.

"డ్వైట్, ఇప్పుడు చెప్పు."

డ్వైట్ చేతిలోని ఫైలు వంక చూశాడు. "సంతకం సంతకమే," అన్నాడు. తర్వాత మెల్లగా, "ముందు ఆ సొరుగు సంగతి చూడండి," అన్నాడు.

వర్నా ఆఫీసరును పిలిచి, ఆ సగం బిళ్ళ తీసుకురమ్మని రోండా ఇంటి తాళంచెవి ఇప్పించింది. తర్వాత తీర్పు చెప్పింది. "మూడేళ్ళు వెయ్యను. ఈ రాత్రి, రేపు రాత్రి కౌంటీ జైలు. శనివారం పొద్దున అక్కణ్ణుంచి నేరుగా చికిత్సాలయం, తొంభై రోజులు. మేసీ ఈ శనివారం రాదు."

"వస్తున్నానని సంచీ కూడా సర్దుకుందట," అంది రోండా. "దానికెవరు చెబుతారు?"

"నువ్వే. నా గదిలో ఫోనుంది. సంకెళ్ళు ఆ తర్వాత."

రోండా వెళ్ళాక వర్నా మడత విప్పింది. 'శుభ్రం' అన్న మాటను కొట్టెయ్యలేదు. దాని కింద రాసింది: ఆదివారం వాడింది. తనే చెప్పింది.

పక్కగది తలుపు సరిగా పడలేదు. "మేసీ, అమ్మనురా," అన్న గొంతు వినిపించింది. హోబర్ట్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వర్నా తర్వాతి పేరు పిలవకుండా ఆగింది.