వాగు డబ్బాకు కట్టిన వేపమండలు

రోడ్డుకు అడ్డంగా పడిన గేటు లేవనంటే లేవనంటోంది. వాగులో చూస్తే నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. గేటుకు ఇవతల ఆటోలో పుష్ప పళ్లు బిగబట్టి, అత్త సక్రి చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. నొప్పులు దగ్గరపడుతున్నాయి. ఒంట్లో రక్తం తక్కువ, ఇంట్లో కాన్పు మాత్రం వద్దని నర్సమ్మ ముందే చెప్పింది. దవాఖానా వాగుకు అవతల ఉంది.

"మేడం, గేటు లేపుతవా లేదా?" ఆటో దిగి బాలకృష్ణ అరిచాడు. సక్రి చిన్నకొడుకు, పుష్ప మొగుడు.

పంచాయతీ సెక్రటరీ అక్సా చెవి దగ్గర ఫోను, చేతిలో గేటు తాళంచెవి. "ఆగన్నా, మెకానిక్‌తోనే మాట్లాడుతున్న. పొద్దట్నుంచి గిట్లనే పడి ఉన్నది, ఏందో చూడనీ."

ఆ గేటు మీద తండాలో ఎవరికీ లేనంత నమ్మకం సక్రికి. పెద్దకొడుకు దేవ్లా ఈ కల్వర్టు మీదే కొట్టుకుపోయాడు. అప్పట్లో వాగు పొంగితే అడ్డంగా గొలుసు కట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ రోజు ఆ మహానుభావుడు పెళ్లిభోజనానికి పోయాడు. తర్వాత పంచాయతీవాళ్లు ఎగువన, మలుపు దగ్గర స్తంభం పాతి, నీళ్ల పైన ఒక డబ్బా వేలాడదీశారు. అది పైనుంచి నీటి ఎత్తు చూస్తూ ఉంటుంది. అక్కడ నీరు పెరిగితే చాలు, ఎవరూ చెప్పకుండానే ఇక్కడ సైరన్ మోగి గేటు పడుతుంది, దవాఖానాకు కబురు పోతుంది. దానికి పెళ్లిళ్లూ లేవు, పేరంటాలూ లేవు. సక్రి దృష్టిలో అది సాక్షాత్తూ దేవతే. అందుకే మొన్న శీత్లా తల్లి పండుగనాడు పచ్చి వేపమండల కట్ట తీసుకుపోయి ఆ డబ్బాకే కట్టి, దండం పెట్టుకుని వచ్చింది.

అక్సా ఫోను దించింది. "డబ్బా కింద ఏదో అడ్డం వచ్చిందట. దాన్నే నీళ్లనుకుంటున్నదట. దానికి ఎవరన్నా ఏమన్నా కట్టిన్రా?"

సక్రికి అర్థమైంది. కట్టినప్పుడు నిలబడి ఉన్న మండలు వాడిపోయి కిందికి వేలాడి ఉంటాయి. మొక్కిన చేతులతోనే కోడలి దారి మూసేసింది!

"నేనే కట్టిన మేడం."

దేవతకు కట్టిన మండ దానంతటది ఎండి రాలాలి. మనిషి విప్పితే ఇంటికి అరిష్టం. ఉన్నది ఒక్క కొడుకు, కడుపుతో కోడలు. 'ఆ అరిష్టమేదో నాకే తగలనీ తల్లీ' అనుకుని సక్రి, మేకలకు కొమ్మలు వంచే దోటి అందుకుని గట్టు వెంబడి పరుగెత్తింది. అత్త వచ్చేదాకా కదలొద్దని పుష్ప మొగుడికి చెప్పింది.

దోటితో లాగితే మండలు తెగి చేతిలో పడ్డాయి. వాటిని కొంగులో చుట్టుకుని రొప్పుతూ తిరిగి వచ్చేసరికి గేటు మెల్లగా పైకి లేస్తోంది. గేటు దగ్గర ఆగిపోయిన జనం ఈలలు వేశారు. సక్రి ఎక్కింది, బాలకృష్ణ ఆటో స్టార్ట్ చేశాడు. ముందు చక్రం కదిలిందో లేదో, సైరన్ కూసింది. గేటు మళ్లీ వాళ్ల ముందే పడింది.

"పిచ్చి లేసింది దీనికి!" బాలకృష్ణ దిగి గేటును కాలితో తన్నాడు. "నీళ్లు గట్లనే ఉన్నయ్ కదా! మేడం, తాళం తియ్. నా పెండ్లాం చచ్చిపోతది!"

"మండ విప్పినందుకే గిట్లయింది" అన్నారు వెనకెవరో. పుష్ప అరిచిన అరుపుకు అక్సా మనసు కరిగిపోయింది. తాళంచెవి గేటు దాకా వెళ్లింది.

సక్రి ఆటో దిగి గేటుకు అడ్డంగా నిలబడింది.

"తియ్యొద్దు మేడం. పొద్దట్నుంచి దాని కండ్లకు గంతలు కట్టింది నేనే. ఇప్పుడు దానికి మంచిగ కనపడుతున్నది. వస్తున్నదేందో మనకే కనపడతలేదు."

"నీకు కోడలికన్నా డబ్బా ఎక్కువైందా?" కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తన మాట తప్పయితే రెండు ప్రాణాలు పోతాయని సక్రికి తెలుసు. ఆ ఉసురు తనకే తగులుతుంది. అయినా కదల్లేదు.

ముందు చప్పుడు వచ్చింది. తర్వాత మలుపు తిరిగి ఎర్రటి నీరు, వేళ్లతో సహా లేచిన వెదురుపొదలతో వచ్చి కల్వర్టును మింగేసింది. ఎక్కడో ఎగువ అడవిలో కురిసిన వాన. బాలకృష్ణ గేటు పట్టుకుని కూలబడ్డాడు.

అక్సా అప్పటికే ఫోనులో కేకలేస్తోంది. "సిస్టర్, పొద్దటి మెసేజులు ఉత్తవే. ఇది మాత్రం నిజం! బండిని టేకులపల్లి దిక్కు నుంచి చుట్టు తిప్పి పంపున్రి, మేం ఎదురొస్తం. జల్దీ!"

అడవిదారిలో సగం దూరంలో అంబులెన్స్ ఎదురైంది. పుష్పను అందులోకి మార్చారు. బండి కదలకముందే, అందులో వచ్చిన నర్సమ్మ చేతుల్లోకి ఆడపిల్ల కెవ్వుమంటూ వచ్చింది. తల్లి క్షేమమే, కానీ రక్తం ఎక్కించాలి, పదండి అంది నర్సమ్మ.

బాలింత ఉన్న గడపకు వేపమండ కట్టడం ఆనవాయితీ. సక్రి కొంగులోంచి మండలు తీసి బండి తలుపు దాకా వెళ్లి, ఠక్కున ఆగింది. డ్రైవర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"నాయనా, దీని కండ్లు ఏడున్నయో జెర చూపియ్. వాటిని ఇడిసిపెట్టి కడత."