తక్కువ ఆగితే చాలు

కొరియర్ పనిలో నాలుగు డబ్బులు మిగలాలంటే ఎక్కువ తిరగక్కర్లేదు, తక్కువ ఆగితే చాలు. ఇది నేను సొంతంగా కనిపెట్టిన సూత్రం. మాకిచ్చేది పార్శిలుకింత అని. ఆగిన చోటల్లా మన కూలికి మనమే కోత పెట్టుకుంటున్నట్టు. అందుకే పొద్దున్నే వ్యాన్‌లో సరుకు తిరగేసి సర్దుతాను. చివర ఇచ్చేది లోపలికి, ముందు ఇచ్చేది తలుపు దగ్గరికి. వీధి మలుపులో ఉండగానే ఫోన్ చేసి "కిందికొచ్చి ఉండండి సార్" అంటాను. ఎన్ని చేసినా బండి పెట్టే చోటు వెతుక్కునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది.

ఆ చిక్కు విప్పింది మా అత్తగారు. కూతురి దగ్గర కొన్నాళ్లుందామని వచ్చారు. మేమిద్దరం పనికి పోతే పగలంతా గోడలు చూస్తూ కూర్చోలేక, "నేనూ వస్తాను బాబూ, బండికి కాపలా ఉంటాను" అన్నారు. వారం తిరక్కుండానే ఆ కాపలా నాకు వదిలేసి, పార్శిళ్లు తనే పట్టుకుపోవడం మొదలుపెట్టారు. నేను ఇంజన్ ఆపకుండా వీధిలో ఉంటాను, ఆవిడ పైకెళ్లి ఇచ్చి వచ్చేస్తారు. సంపాదన పెరిగింది. "మీ అత్తగారిని అద్దెకిస్తావా?" అని డిపోలో అందరూ ఏడిపించేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఆవిడకు నేను పెట్టింది ఒకటే షరతు: మెట్ల మీద ఎక్కడా ఆగొద్దు, కబుర్లు పెట్టుకోవద్దు. మా ఆవిడ మాత్రం రోజూ గుమ్మంలో నిలబడి "అమ్మ జాగ్రత్త" అనేది.

ఆ మధ్యాహ్నం ఏడంతస్తుల పాత భవనం ముందు ఆపాను. ఇరుకు వీధి. లిఫ్టు తలుపుకు తాడు కట్టి ఉంది, అది పాడై చాలా కాలమైంది. చివరి అంతస్తులో ఉండే దర్జీకి గుడ్డల పెట్టె. తరచూ వచ్చేదే. అత్తయ్య దాన్ని చంకన పెట్టుకుని లోపలికి వెళ్లారు.

రావాల్సిన వేళకు రాలేదు. వెనక కారువాడు హారన్ మోగించాడు. పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపాను. ఎవరితోనో కబుర్లలో పడ్డారని నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేశాను. అది నా పక్క సీటు మీదే మోగింది.

అప్పుడు పుట్టింది భయం. ఆ ఫోన్ అక్కడెందుకుందో నాకు తెలుసు. మెట్ల మీద కూతురితో మాట్లాడుతున్నారని మొన్నే కసురుకున్నాను. గబగబా దర్జీకి చేశాను.

"ఎవరూ రాలేదయ్యా. నేను ఎదురుచూస్తూనే ఉన్నా" అన్నాడు.

కీడెంచి మేలెంచమంటారు. నాకు కీడు తప్ప ఇంకేమీ తోచలేదు. జారి పడ్డారేమో. తల పగిలిందేమో. రాత్రికి మా ఆవిడకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? బండి అడ్డంగా వదిలేస్తే ట్రాఫిక్ వాళ్లు సరుకుతో సహా ఎత్తుకుపోతారు, రేపు నాకు పని ఉండదు. కాలు గాలిన పిల్లిలా బండి చుట్టూ ఒకసారి తిరిగాను. ఇంతలో గుమ్మంలోంచి ఎవరో వస్తున్న అలికిడయింది. ఆవిడే అనుకున్నాను. కాదు, చెత్త బుట్ట పట్టుకున్న పనిమనిషి. ఇక ఆగలేకపోయాను. ఇంజన్ ఆపి తాళంచెవి తీసుకునే ధ్యాస కూడా లేకుండా లోపలికి పరుగెత్తాను.

మెట్ల మీద పట్టపగలే చీకటి. "అత్తయ్యా!" అని అరిచాను. మూడో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుని, తడి చేతులతో ఒకావిడ బయటికి వచ్చింది.

"తెల్లజుట్టు పెద్దావిడేనా? ఇందాకే పైకి వెళ్లింది. వచ్చినప్పుడల్లా మా గడపలో కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్తుంది పాపం. ఇవాళ కూర్చోమంటే కూర్చోలేదు. ఆలస్యమైతే అల్లుడికి కోపమొస్తుందట. ఆ ఆయాసంతోనే ఎక్కేసింది. మీరు ఆవిడకేమవుతారు?"

అల్లుణ్ణని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైకి పరుగెత్తాను. మలుపు తిరిగితే ఏం చూడాల్సొస్తుందోనని కళ్లు మూసుకుని తిరిగాను.

ఆరో అంతస్తుకు ఒక్క మెట్టు కింద కూర్చుని ఉన్నారు. తల గోడకు ఆనించి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి. కళ్లు మూసి ఉన్నాయి. పెదవులు నల్లబడ్డాయి. నాకూ ఆవిడకూ మధ్య ఉన్న నాలుగు మెట్లు ఎక్కడానికి ధైర్యం చాలలేదు. ఎలాగో ఎక్కి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, చెమటతో తడిసి ఉంది.

"అత్తయ్యా!"

రెప్పలు కదిలాయి. నా వెనకే ఎక్కొచ్చిన మూడో అంతస్తు ఆవిడ "అయ్యో" అంటూ అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. కింద వీధిలో హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. అత్తయ్య ఆ మోత వింటూ నా మొహంలోకి చూశారు.

"బండి దగ్గర ఎవరున్నారు బాబూ?"

"ఉన్నారత్తయ్యా. మీరు మాట్లాడకండి."

ఆవిడ ఒక చేత్తో పెట్టెను గట్టిగా పట్టుకున్నారు. రెండో చెయ్యి గోడకు ఆనించి లేవబోయారు.

"కోప్పడకు బాబూ" అన్నారు. "కాస్త ఆగాను. కాస్తే."