ఒక్క పూటకని తీసిన డ్రమ్ము

నేను ఒక తారు డ్రమ్మును. ఇప్పుడు మున్సిపాలిటీ యార్డులో, పగిలిన నీళ్ళ ట్యాంకుకీ చక్రాల్లేని తోపుడుబండికీ మధ్య పడి ఉన్నాను. త్వరలో పాత ఇనుము వేలం ఉందంటున్నారు. ఈలోగా నా గోడు మీతో చెప్పుకోవాలనిపించింది. తీరిక లేకపోతే వెళ్ళిపోండి, అదేమీ నాకు కొత్త కాదు.

ఇనుప రేకును చుట్టి, అతికించి, అడుగు బిగించి నన్ను తయారుచేశారు. తారు నింపి లారీ మీద ఈ ఊరికి పంపారు. అప్పుడిక్కడ మెయిన్‌రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రెండు వైపులా వేపచెట్లు కొట్టేశారు, కొట్ల ముందు భాగాలు పడగొట్టేశారు. రోడ్డు వెడల్పయితే ఊరు బాగుపడుతుందని పెద్దలంతా గట్టిగా నమ్మారు. నన్ను కట్టెల మంట మీద పెట్టి, నా కడుపులో ఉన్నదంతా ఆ రోడ్డుకే పోశారు. అది నల్లగా మెరుస్తుంటే నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

రోడ్డు పక్కన అలంకారపు దీపాలకని మున్సిపాలిటీ అప్పు తెచ్చింది. దీపాలు వచ్చాక కరెంటు బిల్లు కట్టలేక ఆర్పేసింది. అప్పు తీర్చడానికి ఇంటిపన్ను పెంచింది. కొట్లవాళ్ళు అద్దెలు పెంచారు, అద్దె కట్టలేని చిన్నవాళ్ళు తాళాలు వేసుకున్నారు. రోడ్డు మాత్రం బ్రహ్మాండంగా ఉంది కదా, మధ్యలో ఒక ఊరుందన్న సంగతే మరిచిపోయి లారీలూ కార్లూ దూసుకుపోసాగాయి. రోడ్డుకి ఒక పక్క ఇసకపాలెం కాలనీ, రెండో పక్క బజారూ, బడీ, ఆసుపత్రీ. బతకాలంటే కాలనీవాళ్ళు రోజూ రోడ్డు దాటాలి. దాటుతూ కొందరు పోయారు.

ఈ గొడవల్లో నేను టీకొట్టు దిబ్బయ్య దగ్గర హాయిగా ఉన్నాను. లోపలి తారు గీకేసి నన్ను నీళ్ళకి వాడుకున్నాడు. టీ తారు వాసనొస్తోందని ఎవరైనా అంటే, అది అల్లం ఘాటని దబాయించేవాడు.

అప్పుడొచ్చింది రాహేలమ్మ. బడిలో మధ్యాహ్నం భోజనం వండే మనిషి, ఆ ఏడు ఇసకపాలెం వార్డుకి కౌన్సిలరుగా గెలిచింది. ఆడవాళ్ళు గెలిస్తే కుర్చీలో మొగుళ్ళు కూర్చోవడం ఇక్కడి ఆనవాయితీ. రాహేలమ్మకి భర్త లేడు కనుక ఆమే కూర్చుంది. అది చాలామందికి మింగుడుపడలేదు.

రోడ్డు సంగతి అడిగి అడిగి ఆమె కాళ్ళరిగాయి. పాదచారుల వంతెనకి ప్రతిపాదన పంపామని ఇంజనీరు గారు చెప్పేవారు. "అన్ని మెట్లెక్కే ఓపికుంటే మా ముసలోళ్ళు ఇప్పుడే పరిగెత్తి దాటేవోళ్ళు గదా సార్" అందట ఆమె. ఆయన నవ్వి, ఫైలు పక్కన పెట్టారట.

ఆ మర్నాడు దిబ్బయ్య కొట్టుకొచ్చింది.

"అన్నా, ఆ డ్రమ్ము ఇయ్యి."

"నీళ్ళు యాడ బోసుకునేది?"

"బిందెల్లో బోసుకో. మడుసులు పోతన్నారయ్యా."

దిబ్బయ్య మొహం మాడ్చుకుని ఇచ్చాడు. ఇలాగే ఊరంతా తిరిగి కొన్ని డ్రమ్ములు పోగుచేసింది. కాలనీ ఆడవాళ్ళు మాకు సున్నం కొట్టి, ఎర్ర చారలు గీసి, ఇసుక నింపి రోడ్డు మీద వరసగా నిలబెట్టారు. రెండు అంచుల్లోనూ కొన్ని, నట్టనడుమ నేను. అటు ఒక బండి, ఇటు ఒక బండి మెల్లగా పోయేంత దారే మిగిలింది.

నన్ను తిట్టని డ్రైవరు లేడు. అయినా బ్రేకు మీద కాలు పెట్టక తప్పలేదు. అప్పట్నుంచి అక్కడ మనిషి పోలేదు. మెల్లగా పోయేవాళ్ళు టీ కోసం ఆగడం మొదలెట్టారు. దిబ్బయ్య కొట్టు పక్కన మూతబడ్డవి రెండు మళ్ళీ తెరిచారు. మున్సిపాలిటీకి పైసా ఖర్చు కాలేదు. బహుశా అందుకే ఆఫీసులో ఎవరూ దాన్ని పని కింద లెక్కవేయలేదు.

ఆకుకూరలమ్మే తిరపతమ్మ గురించి చెప్పాలి. రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషను ఎండలు తగ్గాకనేది, వానలు తగ్గాకనేది. మసక చూపుకి నా తెల్ల సున్నం ఒక్కటే ఆనేది. సగం దారి వచ్చి, నా తల మీద చెయ్యి వేసి, "ఉండావా?" అని అడిగేది. గంప సర్దుకుని, ఊపిరి తీసుకుని మిగతా సగం దాటేది. సాయంత్రం బజారు నుంచి తిరిగొస్తూ మళ్ళీ అంతే. జీవితంలో నన్ను అలా పలకరించింది ఆమె ఒక్కతే. ఆ చెయ్యి కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని.

ఇలా ఉండగా రహదారి భద్రతా వారోత్సవాలు వచ్చాయి. ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారు. ఆయన కార్ల వరస ఆగకుండా పోవాలి కనుక రోడ్డు మీద అడ్డంకులు ఉండకూడదన్నారు. అడ్డంకులంటే మేమే.

ఇంజనీరు గారు స్వయంగా మా దగ్గరికొచ్చి, రాహేలమ్మతో "ఒక్క పూట మేడం. సాయంత్రానికి ఎక్కడివక్కడ పెట్టిస్తాను" అన్నారు.

"నిజంగా పెట్టిస్తారా సార్?"

"అంత నమ్మకం లేదా నా మీద?"

రాహేలమ్మ మా వరసని ఒకసారి లెక్కపెట్టుకుంది. తర్వాత సరేనంది. మంత్రిగారొచ్చే రోజు పొద్దున, కూలీలు మా చుట్టూ చేరుతుండగా, తిరపతమ్మని తనే చెయ్యి పట్టుకుని దాటించింది. "సాయంత్రానికి డ్రమ్ములు ఉంటయ్ పెద్దమ్మా" అని చెప్పడం నేను విన్నాను.

గడ్డపారలతో మమ్మల్ని పెకలించారు. ఆ తొందరలో నా అడుగు చిరిగి, ఇసుకంతా కారిపోయింది. ట్రాక్టరులో వేసి ఈ యార్డులో పడేశారు. తర్వాత ఆ ట్రాక్టరు సభకి కుర్చీలు తోలడానికి పోయింది. సాయంత్రమైంది. అది మా కోసం తిరిగి రాలేదు.

మర్నాడు రాహేలమ్మా దిబ్బయ్యా యార్డుకొచ్చారు. ఆమె మొహం పీక్కుపోయి ఉంది. నా పక్కనే కూలబడింది.

"ఎట్టా జరిగిందో ఇంకోసారి జెప్పన్నా."

"ఏం జెప్పేదమ్మా. గ్లాసులు కడుగుతా తలెత్తి చూశా. రోడ్డు మధ్యకొచ్చి ఆగింది. చెయ్యి చాపి గాల్లో తడుముతా ఉంది. ఉండావా, ఉండావా అంటా అటూ ఇటూ తిరుగుతా ఉంది. నేను కేకేసి పరిగెత్తే లోపలే కారొచ్చేసింది."

రాహేలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆ టైముకి నాకు శాలువా కప్పతన్నారన్నా. ఈ డ్రమ్ముల గురించే మంత్రిగారు మెచ్చుకుంటా ఉండాడు. పెట్టేశారా సార్ అని ఇంజనీరుని అడిగితే, పెట్టేశారు మేడం అన్నాడు. లేచి పోయి చూసుకోవాల్సింది నేను."

ఏడుస్తూనే లేచి, నన్ను దొర్లించబోయింది. అడుగు చిరిగి ఉండటం అప్పుడు చూసింది. మిగతావాటినైనా తీసుకుపోతానంటే, ఆర్డరు లేకుండా గేటు దాటనివ్వనన్నాడు యార్డు గుమాస్తా. రోడ్డు మీద డ్రమ్ములు నిబంధనలకి విరుద్ధమని ఆఫీసులో తేల్చారట. ఇన్నాళ్ళూ లేని నిబంధన ఆ మర్నాడే దొరికింది.

పాదచారుల వంతెన ఇప్పుడు మంజూరైందని చెప్పుకుంటున్నారు. దానికీ అప్పే తెస్తారట. రాహేలమ్మ రాజీనామా చెయ్యలేదు. రోజూ పొద్దునా సాయంత్రం రోడ్డు పక్కన నిలబడి జనాన్ని చెయ్యి పట్టుకుని దాటిస్తోందని, యార్డుకొచ్చే చెత్త బండివాళ్ళు చెబుతుంటారు.

వృద్ధురాలు అజాగ్రత్తగా రోడ్డు మధ్యలో నిలబడినందువల్ల ప్రమాదం జరిగి మరణించిందని విచారణలో రాశారట. ఆమె నిలబడింది సరిగ్గా నా చోటులోనే. ఆ సాయంత్రం నేనక్కడ లేనన్న సంగతి కళ్ళున్న ప్రతివాడికీ కనబడుతూనే ఉంది. ఆమెకి ఒక్క మాట చెప్పడం ఎవరికీ తోచలేదు.