బేసిక్ బండిలో పాలు

ఆమె కార్ల షోరూములో కొత్తగా చేరింది. అక్కడ ఒకే కారు రెండు రకాలుగా ఉండేది. అన్ని హంగులూ ఉన్న టాప్ మోడల్‌ని అద్దాల గోడ పక్కన, దీపాల కింద పెట్టేవారు. బేసిక్ మోడల్ మాత్రం వెనకాల, ఎండ పడే మూలన ఉండేది. దాని తలుపు తీస్తే చాలు, కుళ్ళు కంపు కొట్టేది.

ఒక పొద్దున ఆమె బకెట్టూ గుడ్డా పట్టుకుని దాన్ని కడగబోయింది. సీటు ముందున్న మ్యాట్ ఎత్తితే, కింద పాలు విరిగి, పచ్చగా గడ్డకట్టి ఉన్నాయి. జిడ్డు వేళ్ళకు అంటుకుంది. ఓకరింత ఆపుకుంటూ వెళ్ళి మేనేజరుకి చెప్పింది. మనిషి కంటే ముందు వాసన వస్తుందని ఆయన్ని అందరూ చాటున సెంటు సారు అనేవారు.

ఆయన తాపీగా నవ్వాడు. "నేనే పోయించాను. బేసిక్ అమ్మితే మనకేం మిగులుతుంది? వద్దని మనం చెప్పక్కర్లేదు, వాళ్ళ ముక్కే చెబుతుంది. మ్యాట్ ఎక్కడిదక్కడ పెట్టెయ్."

ఆమె పెట్టేసింది. సబ్బుతో ఎంత రుద్దుకున్నా చెయ్యి తనది కానట్టే ఉంది. మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దాకా రాలేదు.

ఆ వారంలోనే ఆమె మేనమామ, అత్త కారు కొనడానికి వచ్చారు. మావయ్య లెక్కల మాస్టారు. కూరగాయలమ్మి పొరపాటున చిల్లర ఎక్కువిస్తే, సగం దారి నుంచి వెనక్కెళ్ళి ఇచ్చొచ్చే మనిషి.

"మాకు హంగులెందుకమ్మా. స్టీరింగూ బ్రేకూ ఉంటే చాలు. నువ్వున్నావని ధైర్యంగా వచ్చాం," అన్నాడు.

సెంటు సారు తనే దగ్గరుండి బేసిక్ తలుపు తీశాడు. అత్త కూర్చోబోయి ముక్కు మూసుకుంది. "ఛీ, ఇదేం కంపండీ. ఎలకేమన్నా చచ్చిందా?"

"బేసిక్‌లో సీటు గుడ్డే అంత మేడమ్. చవక సరుకు, ఎండకి వాసనేస్తుంది."

తర్వాత టాప్ మోడల్ ఎక్కించాడు. మెత్తటి సీట్లు, టీవీ అంత తెర, మీట నొక్కితే తెరుచుకునే పైకప్పు. అత్త వెనక్కి వాలి ఇక దిగలేదు. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, "పోనీ, ఇదే తీసుకుందాం," అన్నాడు.

ఆమె ఉండబట్టలేకపోయింది. "మావయ్యా, అది గుడ్డ వాసన కాదు. మ్యాట్ కింద పాలు పోశారు. కావాలనే."

సెంటు సారు ముఖం పాలిపోయింది. మావయ్య వెళ్ళి మ్యాట్ ఎత్తి చూశాడు. ఇప్పుడు ఈయన్ని దులిపేస్తాడు, నా ఉద్యోగం పోతే పోనీ అనుకుందామె.

మావయ్య రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, మేనేజరు భుజం మీద చెయ్యేసి పక్కకి నడిపించాడు.

"నలుగురికీ తెలిస్తే మీకే పరువు తక్కువ. నాకెందుకు ఆ గొడవ? టాప్ మోడల్ బేసిక్ రేటుకి ఇప్పించండి. నేనేం చూడలేదు."

సెంటు సారు కాసేపు లెక్కలేసుకుని, "మాస్టారూ, మీరు ఘటికులు," అన్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకుని నవ్వుకున్నారు. ఆమెకి ఒళ్ళంతా జిడ్డు పూసినట్టయింది.

"మరి రేపు వచ్చేవాళ్ళ సంగతేంటి మావయ్యా?" అని అడిగింది.

"ఎవరి ముక్కు వాళ్ళకుందిగా. లోకాన్ని ఉద్ధరించడానికి మనమెవరం?" అన్నాడాయన.

కారులోంచి అత్త పిలిచింది. "ఏవండీ, ఇందులో లైట్లు రంగులు మారుతున్నాయి చూడండి."

మర్నాడు షోరూము తెరవగానే ఆమె బేసిక్ కారు నాలుగు తలుపులూ తీసి, మ్యాట్లు బయటికి లాగి, అందరూ చూస్తుండగా కడిగేసింది. గడ్డల్ని అట్టముక్కతో గీకుతుంటే రెండుసార్లు వాంతి వచ్చింది. అయినా ఆపలేదు. సెంటు సారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

ఇంటికెళ్ళి అమ్మకి జరిగిందంతా చెప్పింది. అమ్మ కూర తరుగుతూ విని, "ఎంతైనా మా అన్నయ్య తెలివే వేరు. ఉద్యోగానిదేముందే, ఇంకోటి దొరుకుతుంది," అంది.

దొరికింది కూడా, ఒక టైర్ల కొట్లో. కొత్త కారు వచ్చాక మావయ్య ఒకసారి ఆ కొట్టు ముందు ఆపి, అద్దం దించి, "ఎక్కమ్మా, ఇంటి దగ్గర దింపుతాను," అన్నాడు.

"నడుస్తాను మావయ్యా."

"ఎండగా ఉందే."

"ఫర్వాలేదు," అని ఆమె రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయింది.